అక్షరాల గడుల ఆటకు పైథాన్ క్లాసులు: చాన్నాళ్ల వాడకం తర్వాత

16 గడులు, ఒక్కో గడిలో ఒక పాచిక, దాని పై ముఖం మీద ఒక అక్షరం. పక్క గడుల్లోకి జరుగుతూ, ఒకే పదంలో ఒక గడిని రెండుసార్లు తొక్కకుండా, 3 నిమిషాల్లో వీలైనన్ని పదాలు పట్టాలి. బాగుల్ పేరుతో దొరికే ఆట ఇదే. దీన్ని తెలుగు అక్షరాలతో ఆడేలా క్లాసులుగా (డేటానూ దాని మీది పనులనూ కలిపి పెట్టే మూసలుగా) విడగొట్టిన డిజైన్‌ను అనంతపురంలో బీటెక్ ల్యాబులో చాన్నాళ్లుగా వాడుతున్నాం. ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) నేర్పడానికి బ్యాంకు ఖాతా, స్టూడెంట్ రికార్డు లాంటి ఉదాహరణల కంటే ఇది చాలా మేలు. వాటిలో ఏ డేటా ఏ క్లాసులో పెట్టినా ప్రోగ్రాం ఎలాగోలా నడిచిపోతుంది. ఇక్కడ తప్పు చోట పెడితే ఆట తప్పు జవాబిస్తుంది.

క్లాసులు ఆరు: బోర్డు, పాచిక, పదకోశం, సాల్వర్ (పదాలు వెతికేది), స్కోరర్ (పాయింట్లు లెక్కేసేది), ఆట. పాచిక క్లాసు దండగ. ఆరు ముఖాల జాబితాలోంచి ఒకటి తీయడానికి ఫంక్షన్ చాలు.

బోర్డుకు తెలియాల్సింది రెండే: ఏ గడిలో ఏముంది, ఏ గడికి ఏవి పొరుగు. మూల గడికి 3, అంచు గడికి 5, లోపలి గడికి 8 పొరుగులు. ఈ లెక్కనే మొదటి టెస్టుగా రాయించాలి. పైథాన్‌లో ఇండెక్స్ మైనస్ 1 అయితే ఎర్రర్ రాదు, చివరి వరసకు చుట్టి వస్తుంది. దాంతో పై వరసలోని గడికి కింది వరస పొరుగైపోయి, బోర్డు మీద లేని పదాలు దొరుకుతాయి. వరస, నిలువు రెండూ 0 కంటే తగ్గకుండా, 4కి చేరకుండా చూసే షరతు తప్పనిసరి. ఖాళీ వరసను 4తో గుణించి బోర్డు తయారుచేస్తే నాలుగు వరసలూ ఒకే లిస్టు అవుతాయి. అదీ ప్రతి బ్యాచ్‌లో కనిపించే తప్పే.

ఇంతకంటే లోతైన తప్పు ఇంకోటుంది. ‘ఈ గడి వాడేశాం’ అనే గుర్తును గడి ఆబ్జెక్టులోనే పెట్టేస్తారు. పదం దొరకగానే ఫంక్షన్ ట్రూ ఇచ్చి బయటికొచ్చేస్తుంది, గుర్తులు చెరిపే లైను దాకా పోదు. మొదటి పదం సరిగ్గా వస్తుంది, రెండోది కళ్లెదుట ఉన్నా లేదంటుంది. ఏ గడి తొక్కామన్నది ఆ వెతుకులాటకు సంబంధించిన సంగతి, గడి గుణం కాదు. దాన్ని సాల్వర్ ఒక సెట్‌గా చేతికిచ్చుకుంటూ పోవాలి. ఎన్‌క్యాప్సులేషన్ (ఏ సంగతి ఎవరిదో వాళ్ల క్లాసులోనే దాచడం) అంటే ఏంటో దీనికంటే బాగా చూపించే చోటు నాకు కనబడలేదు.

ఇక అక్షరం. ఇంగ్లిష్ బాగుల్‌లోనే ‘క్యూ, యూ’ రెండూ ఒకే ముఖం మీద ఉంటాయి. అంటే ముఖం ఒక క్యారెక్టర్ కాదు, స్ట్రింగ్ (క్యారెక్టర్ల వరస). తెలుగుకు ఇది ప్రాణం. పైథాన్‌లో పొడవు చెప్పే లెన్ ఫంక్షన్ అక్షరాలను కాదు, కోడ్‌పాయింట్లను (ఒక్కో గుర్తుకిచ్చిన నంబర్లను) లెక్కిస్తుంది. ‘కడప’కు లెన్ 3 ఇస్తుంది, అక్షరాలూ మూడే. ‘కర్నూలు’కు 7 ఇస్తుంది, అక్షరాలు మాత్రం మూడే: క, ర్నూ, లు. ‘అనంతపురం’కు 8, అక్షరాలు ఐదు. కడపతో మాత్రమే టెస్టు రాస్తే అంతా బాగున్నట్టే పాసవుతుంది. కాబట్టి మూడు ఊళ్లూ టెస్టులో ఉండాల్సిందే.

పదాన్ని అక్షరాలుగా విడగొట్టే పనిని లైబ్రరీకి (రెడీమేడ్ కోడ్‌కు) వదిలేస్తే వెర్షన్‌ను బట్టి జవాబు మారుతుంది. ఒత్తును ముందున్న అక్షరంతో కలిపి ఒకే గుత్తిగా లెక్కించే నియమం, అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తో వచ్చింది. పాత పట్టికలతో నడిచే లైబ్రరీ పొల్లు దగ్గర తెంచి కర్నూలును నాలుగు ముక్కలు చేస్తుంది. సొంతంగా రాసుకుంటే పది లైన్ల పని: అచ్చు గానీ హల్లు గానీ వస్తే కొత్త అక్షరం మొదలు, దాని ముందు పొల్లు ఉంటే మాత్రం పాతదానికే అతకాలి, గుణింతపు గుర్తులూ సున్నా ఎప్పుడూ పాతదానికే. విడగొట్టే ముందు టెక్స్టును యూనికోడ్ ప్రామాణిక రూపమైన ఎన్‌ఎఫ్‌సీకి మార్చాలి. ఐత్వాన్ని ఒకే కోడ్‌తోనూ రాయొచ్చు, రెండు కోడ్‌లతోనూ రాయొచ్చు. తెర మీద తేడా కనిపించదు, పదకోశంలో మాత్రం పదం దొరకదు.

ఇంగ్లిష్ ఆట నుంచి తెలుగు ఆటను ఇన్హెరిట్ చేయడం (దాని క్లాసును తల్లిగా తీసుకుని పిల్ల క్లాసు రాయడం) మాకు పనికిరాలేదు. పిల్ల క్లాసులో ఒక్కో మెథడ్ తిరగరాస్తూ పోతే తల్లిది మిగిలేదేమీ లేదు. అక్షరాలుగా విడగొట్టే ఆబ్జెక్టు, స్కోరర్ రెండింటినీ బయటి నుంచి అందిస్తే బోర్డు, సాల్వర్ లైను కూడా మారకుండా రెండు భాషలకూ నడుస్తాయి.

16 గడుల్లో వీలయ్యే దారులు కోటీ 20 లక్షల పైచిలుకు. ప్రతిదాన్నీ జాబితాతో పోల్చి చూస్తే పాత ల్యాబు సిస్టమ్ కదలదు. పదకోశాన్ని ట్రైగా (ఒకే మొదలున్న పదాలు ఒకే కొమ్మను పంచుకునే చెట్టుగా) కట్టి, ఆ మొదలుతో ఏ పదమూ లేదనగానే వెనక్కి తిప్పాలి. ట్రై కొమ్మలు అక్షరానికొకటి ఉండాలి, కోడ్‌పాయింటుకు కాదు. ‘పలక’ దొరికిందని ఆగిపోతే ‘పలకలు’ పోతుంది. ఒకే పదం రెండు దారుల్లో దొరికితే ఒక్కసారే లెక్క.

ముఖాల పంపకం ఈ డిజైన్‌లో బలహీనమైన చోటు. ఉత్త హల్లులు పెడితే బోర్డు ఎండిపోతుంది, గుణింతాలన్నీ సమానంగా పంచితే పదాలు కుదరవు. పదకోశంలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కగట్టి 96 ముఖాలకూ ఆ పాళ్లలో పంచాలి. ‘లు’ మాత్రం మూడు ముఖాలకు మించనివ్వొద్దు. ఎక్కువైతే ఆటంతా బహువచనాల మీదే నడుస్తుంది. స్కోరూ మార్చుకోవాలి. ఇంగ్లిష్ పద్ధతిలో 8 అక్షరాలకిచ్చే 11 పాయింట్లు తెలుగులో దాదాపు ఎవరికీ అందవు. 5 అక్షరాలకే 5 పాయింట్లు ఇచ్చి, ఒత్తున్న అక్షరానికి ఒకటి కలిపితే ఆట రక్తి కడుతుంది.

బయట దొరికే పదాల జాబితాల్లో ఉగ్గాని, బొరుగులు లాంటివి ఉంటాయన్న నమ్మకం లేదు. ఇక్కడి పిల్లలకు బోర్డు మీద ముందు కనబడేవి అవే. సీమ పదాలకు వేరే ఫైలు పెట్టి, రెండు జాబితాల్నీ ఒకే పదకోశం ఆబ్జెక్టులోకి ఎక్కించాలి. రెండో ఫైలూ ఎన్‌ఎఫ్‌సీ మార్పు, అక్షరాల విడగొట్టుడు దాటుకునే లోపలికి రావాలి.