సున్నం పూత పని: గోడలు బాగుపడ్డాయి, మా ఓపికే అయిపోయింది

పాత గుంటూరులో మా తాతగారి మండువా ఇల్లు. లావుపాటి ఇటుక గోడలు, తాటి దూలాలు, పైన బెంగుళూరు పెంకులు. పదిహేనేళ్ల కిందట నాన్న ముందు గదుల్లో పాత సున్నం గీకించి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు, అప్పుడు మొదలైంది గొడవ. ఏటా వానాకాలం నడుమెత్తు దాకా చెమ్మ, తెల్లగా ఉప్పు తేలడం, పెచ్చులు ఊడటం. వాటర్‌ప్రూఫ్ రంగులకే బోలెడు తగలేశాం. పాత ఇళ్లకి పునాది మీద చెమ్మని ఆపే పట్టీ ఉండదు కదా, నేల తడి గోడలోకి పాకుతుంది, సున్నం పూతైతే దాన్ని ఆరిపోనిస్తుంది, సిమెంటేమో లోపలే బిగించేస్తుంది.

చివరికి విజయవాడలో పాత పద్ధతి పనులు చేసేవాళ్లని పిలిచాం. పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి.

పిడుగురాళ్ల నుంచి కాల్చిన సున్నపురాయి తెచ్చి పెరట్లో గొయ్యి తీసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికింది, పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వలేదు. మూడు వారాలు నీళ్ల కిందే మాగబెట్టారు. తర్వాత ఇసుక, ఇటుక పొడి కలిపి, కరక్కాయలు నానిన నీళ్లూ బెల్లం నీళ్లూ పోసి గానుగలో ఆడించారు (ఎద్దు గానుగ కాదులెండి, మోటారుదే). "ఏంట్రా, గోడలకి పానకం పోస్తున్నారా" అంది అమ్మ. వారం రోజులు ఇల్లంతా చీమలు.

చదరపు అడుగుకి 140 రూపాయలు తీసుకున్నారు, సిమెంటైతే అందులో సగం కూడా కాదు. 40 రోజులన్నది మూడు నెలలైంది. సున్నం మాగడానికే అంత టైం పడుతుందని ముందు ఒక్క ముక్క చెప్పలేదు, ఫోన్ చేస్తే ఎత్తరు. పైగా ఒక మేస్త్రి త్వరగా గట్టిపడుతుందని వరండా మూలన గుట్టుగా సిమెంటు కలిపాడు, నేను చూసి గొడవ చేస్తే వాళ్ల ఓనరే వచ్చి అదంతా కొట్టించి మళ్లీ వేయించాడు, డబ్బు అడగలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆలస్యం వల్ల పూత ఏప్రిల్ ఎండల్లో పడింది. తొందరగా ఆరితే పగుళ్లొస్తాయని గోనె పట్టాలు కట్టి పూటకోసారి తడిపాం, ఆ చాకిరీ మాదే.

ఈ వానాకాలం మాత్రం ఒక్క పెచ్చు ఊడలేదు, ముక్కిన వాసన పోయింది. ఇల్లు చల్లబడిందా అని అందరూ అడుగుతున్నారు. మా ఇల్లు ముందు నుంచీ చల్లనే, అది లావు గోడల పుణ్యం, పూతది కాదు. ఇంకోటి, దీని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేయించకండి, మళ్లీ మొదటికొస్తుంది, వెల్ల వేయించుకోండి చాలు.

వెనక వంటిల్లు మిగిలింది. అదీ వీళ్లకే ఇస్తున్నా, కాకపోతే సున్నం మాగబెట్టి చూపించాకే అడ్వాన్స్ అన్నాను.