మిలాన్‌లో ఏది ఎక్కాలి: మెట్రో, ట్రామ్, సైకిల్, టాక్సీ

మిలాన్‌లో నాలుగు రోజులు గడిపే టూరిస్టులకైనా, పాలిటెక్నికో యూనివర్సిటీలో చదవడానికి దిగే మన పిల్లలకైనా చెప్పేది ఒకటే: మెట్రో, ట్రామ్ సరిపోతాయి. సైకిల్ వాతావరణం బాగుంటే మంచిది. టాక్సీ గత్యంతరం లేనప్పుడే.

మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ నడిపేది ఏటీఎం అనే సంస్థ. మామూలు టికెట్ 2023 నుంచి 2.20 యూరోలు. మొదట పంచ్ చేసినప్పటి నుంచి 90 నిమిషాలు చెల్లుతుంది. ఆ లోపు మెట్రో దిగి ట్రామ్ ఎక్కినా, మళ్లీ మెట్రోలోకి వెళ్లినా అదే టికెట్. మారిన ప్రతిసారీ మళ్లీ పంచ్ చేయాలి. మెట్రోలో బయటికొచ్చేటప్పుడు కూడా గేటు టికెట్ అడుగుతుంది కాబట్టి దాన్ని పారేయకండి.

నిజానికి టికెట్ కొనకుండానే పనైపోతుంది. మెట్రో గేట్ల దగ్గర వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ 2018 నుంచీ ఉంది. లోపలికి ట్యాప్, బయటికి ట్యాప్. సిటీ జోన్లలో రోజంతా ఎన్నిసార్లు తిరిగినా ఒక రోజు పాస్ ధర, అంటే 7.60 యూరోలు, దాటి కోయదు. ఈ ఏర్పాటుకి మా ఓటు పూర్తిగా పడుతుంది. అయితే గొడవలొచ్చేదీ ఇక్కడే. ఉదయం కార్డు, సాయంత్రం ఫోన్ వాడితే, ఫోన్‌లో ఉన్నది అదే కార్డైనా సిస్టమ్ దాన్ని వేరే కార్డుగా లెక్కేస్తుంది. అప్పుడు రెండు లెక్కలు మొదలవుతాయి. మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. ఇండియా కార్డులకి ఇంకో చిక్కుంది. మన బ్యాంకులు విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆఫ్ చేసి కార్డు ఇస్తాయి. బయల్దేరే ముందే బ్యాంక్ యాప్‌లో రెండూ ఆన్ చేసుకోండి. అక్కడ గేటు ముందు నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూసే పరిస్థితి రాకూడదు.

మెట్రో లైన్లు ఐదు. ఎర్రది ఎం1 పగానో దగ్గర రెండుగా చీలుతుంది: ఒకటి రో ఫియెరాకి, ఇంకోటి బిష్చేల్యేకి. ఆకుపచ్చది ఎం2కీ రెండు చివర్లా ఇలాంటి చీలికలే ఉన్నాయి. ప్లాట్‌ఫాం బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చూడకుండా వచ్చిన ట్రైన్ ఎక్కేస్తే ఊరి ఇంకో మూల తేలతారు. రో ఫియెరా ఎగ్జిబిషన్ సెంటర్ మామూలు టికెట్ జోన్ల అవతల ఉంది. 2.20 టికెట్‌తో అక్కడ దిగితే గేటు తెరుచుకోదు. లినాటే ఎయిర్‌పోర్టుకి మాత్రం డ్రైవర్ లేని ఎం4 ఉంది. నడిబొడ్డున ఉన్న సాన్ బాబిలా నుంచి పావుగంట కూడా పట్టదు, ధర మామూలు టికెట్టే. ఊళ్లో డబ్బుకి ఇంతకన్నా విలువిచ్చే ప్రయాణం లేదు.

ట్రామ్ కోసం ఒకటో నంబర్ ఎక్కండి. 1928 నాటి మోడల్, చెక్క బెంచీలు, మూలమలుపుల్లో కీచుమనే చక్రాలు. సెంట్రల్ స్టేషన్ ప్రాంతం నుంచి స్కాలా ఒపేరా హౌస్ మీదుగా వెళ్తుంది. టూరిస్టు బస్సుకి డబ్బు తగలేయక్కర్లేదు.

పద్నాలుగేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, వయసు చూపే కాగితం మాత్రం దగ్గరుంచుకోండి. స్టూడెంట్లు 27 ఏళ్లలోపైతే నెల పాస్ రాయితీకి వస్తుంది. దానికి ముందు ట్రావెల్ కార్డు తీయించుకోవాలి.

రెండు లోపాలు చెప్పాలి. అర్ధరాత్రి దాటిన కాసేపటికి మెట్రో ఆగిపోతుంది. ఆ తర్వాత ఊరి చుట్టూ రాత్రంతా తిరిగే 90, 91 లాంటి బస్సులే దిక్కు. రెండోది సమ్మె, తరచూ శుక్రవారాల్లో వస్తుంది. తేదీ ముందే ప్రకటిస్తారు. మామూలుగా ఉదయం 8:45 వరకు, మళ్లీ మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు సర్వీసులకి హామీ ఉంటుంది. ఫ్లైట్ ఉన్న రోజైతే ఆ వేళల్లోనే కదలండి.

సైకిళ్లకి బైక్‌మీ అనే అద్దె సైకిళ్ల సర్వీసు ఉంది, 2008లో మొదలైంది. యాప్‌లో రోజుకో వారానికో సభ్యత్వం తీసుకుని, స్టేషన్‌లో సైకిల్ విడిపించుకోవాలి. మామూలు సైకిల్‌పై మొదటి అరగంట ఉచితం. బయల్దేరేముందే గమ్యం దగ్గరి స్టేషన్‌లో ఖాళీ స్లాట్ ఉందో లేదో చూడండి, నిండిపోతే ఇంకో స్టేషన్ వెతుక్కునేలోపు అరగంట దాటుతుంది. తిరిగి పెట్టాక లాక్ పడిందని రూఢి చేసుకోండి. ఊరు చదునుగా ఉంటుంది, మార్తెసానా కాలవ గట్టు తొక్కడానికి హాయిగా ఉంటుంది. ఊరి మధ్యలో మాత్రం ట్రామ్ పట్టాలతో జాగ్రత్త. పట్టా వెంబడి పోతే చక్రం సందులో ఇరుక్కుని పడిపోతారు, వీలైనంత అడ్డంగా దాటాలి. వాన పడ్డాక పాత రాతి బండల రోడ్లు జారతాయి, ఆ రోజు సైకిల్ వద్దు.

టాక్సీని రోడ్డు మీద చెయ్యూపి ఆపే అలవాటు ఇక్కడ పనిచేయదు. స్టాండుకి వెళ్లాలి, లేదా ఫోన్ చేయాలి. ఫోన్ చేసి పిలిస్తే డ్రైవర్ బయల్దేరినప్పటి నుంచే మీటర్ తిరుగుతుంది, ఎక్కేసరికే కొన్ని యూరోలు కనిపిస్తే మోసం అనుకోవద్దు. రాత్రుళ్లు, ఆదివారాలు రేటు ఎక్కువ. మల్పెన్సా ఎయిర్‌పోర్టుకి ఫిక్స్‌డ్ రేటు, వంద యూరోలు దాటుతుంది. ట్రైన్ ఛార్జీ దాంట్లో చిన్న భాగమే, ఆ ట్రైన్ సెంట్రల్, కదోర్నా స్టేషన్ల నుంచి బయల్దేరుతుంది, మామూలు టికెట్ దానికి చెల్లదు. అసలు టాక్సీ తెల్ల కారు, తలుపు మీద లైసెన్స్ నంబర్ ఉంటుంది. సెంట్రల్ స్టేషన్ బయట "టాక్సీ, టాక్సీ" అంటూ వెంటపడే వాళ్ల బండ్లు ఎక్కకండి, నేరుగా స్టాండు క్యూలో నిలబడండి.