జీడీబీకి ప్రాంప్ట్ చాలా, టీయూఐనా, విఎస్ కోడా, డీడీడీనా: ఏది మేలు?

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ నెల తిరక్కుండానే నా డెస్క్ దగ్గరికి వచ్చి ఇదే అడుగుతున్నారు: "అన్నా, జీడీబీకి మంచి జీయూఐ ఏదైనా ఉందా?" జీడీబీ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి లోపల ఏం జరుగుతోందో చూపించే డీబగ్గర్, జీయూఐ అంటే దాని మీద పెట్టుకునే బటన్లూ విండోలూ. పోయిన వారం ఇద్దరు అడిగారు. నిన్న వేరే కంపెనీలో పనిచేసే మా బాబాయి కొడుకు ఫోన్ చేసి మరీ అడిగాడు. అందుకే కమాండ్‌లు కొట్టే వట్టి ప్రాంప్ట్, జీడీబీలోనే ఉన్న టెర్మినల్ విండో టీయూఐ, విఎస్ కోడ్ ఎడిటర్, పాత గ్రాఫిక్ విండో డీడీడీ, వీటన్నిటి గురించీ ఒక్కసారి కూర్చుని రాస్తున్నాను. మేం రాసేది సీ, సీ ప్లస్ ప్లస్, అది నడిచేది లినక్స్ మీద. బ్రేక్, నెక్స్ట్, ప్రింట్, బ్యాక్‌ట్రేస్ ఏం చేస్తాయో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో నాకు బాగా తెలుసు. మన దగ్గర ఇంజనీరింగ్ చదివిన చాలామందిలాగే నేనూ సీ నేర్చుకున్నది టర్బో సీ నీలం స్క్రీన్ మీదే. ఎఫ్7 నొక్కితే ఫంక్షన్ లోపలికి, ఎఫ్8 నొక్కితే దాన్ని దాటి తర్వాతి లైనుకి, కింద వాచ్ విండోలో వేరియబుల్ విలువ మారుతూ కనిపించేది. అలా అలవాటైన కళ్లకి, ఖాళీ టెర్మినల్‌లో ఒక్క జీడీబీ ప్రాంప్ట్ మాత్రమే కనిపిస్తే, ఏ లైన్లో ఉన్నామో తెలియక మాటిమాటికీ లిస్ట్ అని కొట్టుకోవాల్సి వస్తే, చికాకు రాకుండా ఎలా ఉంటుంది? జీయూఐ అడగటం బద్ధకం అని కొందరు సీనియర్లు కసురుకోవడం చూశాను. అది తప్పు. చుట్టూ ఉన్న కోడ్ కనిపించాలనుకోవడం చాలా న్యాయమైన కోరిక.

ముందుగా ఒకటి గుర్తుంచుకోండి. వీటిలో ఏది ఎంచుకున్నా అడుగున పనిచేసేది అదే జీడీబీ, 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన అదే ప్రోగ్రామ్. పైన ఉన్న విండో మీ క్లిక్‌ని ఒక కమాండ్‌గా మార్చి కిందికి పంపుతుంది, వచ్చిన జవాబుని అందంగా చూపిస్తుంది, అంతే. యంత్రాలు చదువుకోవడానికి వీలుగా జీడీబీలో ఎంఐ అనే వేరే ఇంటర్‌ఫేస్ ఉంది, ఇప్పటి ఫ్రంటెండ్‌లు, అంటే పైన కూర్చునే ఈ విండోలు, చాలావరకు దాని ద్వారానే మాట్లాడతాయి. అంటే జీయూఐ మారినంత మాత్రాన డీబగ్గర్ శక్తి పెరగదు. కానీ తగ్గొచ్చు, ఎందుకంటే ఆ విండో రాసినవాళ్లు బటన్ పెట్టని పనులు జీడీబీలో చాలా ఉన్నాయి.

నా దృష్టిలో అసలు తేల్చేది ఇక్కడే. ఏ జీయూఐ చూసినా నేను మొదట అడిగేది ఒకటే: ఇందులో ఉండగా ప్రాంప్ట్ నా చేతికి అందుతుందా, అక్కడ నేను కమాండ్ కొడితే పైనున్న విండోకి ఆ సంగతి తెలుస్తుందా?

ఎందుకంత పట్టుదల అంటే ఒక ఉదాహరణ చెప్తాను. మెసేజ్‌లు చదివే ఒక పార్సర్ ఉంది మా దగ్గర. ఒక ఫైల్ ఇస్తే కొన్ని వేల మెసేజ్‌లు బాగానే చదివి, ఎక్కడో ఒకచోట సెగ్‌ఫాల్ట్‌తో, అంటే తాకకూడని మెమరీని తాకి, పడిపోతోంది. కొత్తగా వచ్చిన అబ్బాయి ఆ ఫంక్షన్ దగ్గర ఎర్ర చుక్క (బ్రేక్‌పాయింట్, అంటే ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటు) పెట్టి, ఎఫ్5 నొక్కుతూ, ఆగిన ప్రతిసారీ విలువలు చూసుకుంటూ గంటసేపు కూర్చున్నాడు. ఓపికకి మెచ్చుకోవాలి, కానీ ఆ పని జీడీబీ చేత చేయించొచ్చు. బ్రేక్‌పాయింట్ 1 అక్కడే ఉంచి, ఇగ్నోర్ 1 1000000 అని కొట్టి రన్ చేశాం, అంటే పది లక్షల సార్లు ఇక్కడికి వచ్చినా ఆగొద్దని చెప్పడం. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగకుండా వెళ్లి క్రాష్ అయింది. అప్పుడు ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్ అని అడిగితే, ఈ బ్రేక్‌పాయింట్ ఇప్పటికి 3718 సార్లు తగిలింది అని చెప్పింది. ఈసారి ఇగ్నోర్ 1 3717 అని పెట్టి మళ్లీ రన్ చేస్తే, సరిగ్గా పడిపోబోయే ఆ ఒక్క కాల్ దగ్గర, ఇంకా ఏమీ పాడవకముందే ఆగింది. ఇన్‌పుట్ ప్రతిసారీ ఒకటే అయి, ప్రోగ్రామ్ ఒకే దారిలో నడిస్తేనే ఇది పనిచేస్తుంది, ఫైల్ చదివే ప్రోగ్రామ్‌లకి అది మామూలే. మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు. చూస్తూ కూర్చోవడానికీ అడగటానికీ మధ్య ఉన్న తేడా ఇది, అడగాలంటే ప్రాంప్ట్ కావాలి.

వాచ్‌పాయింట్ కూడా అలాంటిదే. స్ట్రక్చర్‌లో ఒక లెంగ్త్ ఫీల్డ్ ఉన్నట్టుండి చెత్త విలువగా మారిపోతోంది, ఎవరు మారుస్తున్నారో తెలీదు. స్టెప్ చేసుకుంటూ వెళ్తే రోజంతా వెళ్లాలి. వాచ్ మైనస్ ఎల్ అని ఆ ఫీల్డ్ పేరు ఇస్తే, జీడీబీ ఆ అడ్రస్‌ని ప్రాసెసర్‌లోని డీబగ్ రిజిస్టర్‌లో పెడుతుంది, ప్రోగ్రామ్ దాదాపు మామూలు వేగంతోనే నడిచి, ఆ మెమరీ మారిన మరుక్షణం ఆగుతుంది. మాకు దొరికింది పక్కనున్న బఫర్ దాటి రాస్తున్న ఒక మెమ్‌కాపీ. ఎక్స్86 ప్రాసెసర్లలో ఇలాంటి రిజిస్టర్లు నాలుగే ఉంటాయి కాబట్టి ఇష్టం వచ్చినన్ని పెట్టుకోలేం, అవి సరిపోక, ప్రతి అడుగుకీ జీడీబీయే విలువ సరిచూసే సాఫ్ట్‌వేర్ వాచ్‌పాయింట్‌కి దిగితే ప్రోగ్రామ్ నత్తలా నడుస్తుంది. మైనస్ ఎల్ ఎందుకంటే, అది లేకుండా లోకల్ పాయింటర్ ద్వారా వాచ్ పెడితే ఆ ఫంక్షన్ అయిపోగానే వాచ్‌పాయింట్ కూడా పోతుంది.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

విఎస్ కోడ్ గురించే ఎక్కువమంది అడుగుతారు, ఎందుకంటే కోడ్ రాసేది అందులోనే. కళ్లకి ఇంతకంటే సుఖమైనది లేదు, ఒప్పుకుంటాను. లోకల్స్ అన్నీ ఎడమ పక్కన, వెక్టర్, మ్యాప్ లాంటివి చిన్న బాణం నొక్కితే విప్పుకుని చూడొచ్చు, స్టాక్‌లో ఏ ఫ్రేమ్ మీద క్లిక్ చేస్తే ఆ లైను తెరుచుకుంటుంది. పెద్ద సీ ప్లస్ ప్లస్ ఆబ్జెక్ట్‌లతో పనిచేసేవాళ్లకి ఈ ఒక్కటే చాలు దీన్ని ఎంచుకోవడానికి. మైక్రోసాఫ్ట్ వాళ్ల సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ వాడితే కింద డీబగ్ కన్సోల్‌లో మైనస్ ఎగ్జెక్ అని ముందు పెట్టి ఏ జీడీబీ కమాండ్ అయినా కొట్టొచ్చు, ఈ విషయం తెలియనివాళ్లు చాలామందే ఉన్నారు. పైన చెప్పిన ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్ కూడా అలాగే అడగొచ్చు. కాబట్టి నా ప్రశ్నలో మొదటి సగం పాసైంది. రెండో సగంలోనే ఇబ్బంది: అలా కమాండ్‌తో పెట్టిన బ్రేక్‌పాయింట్‌కి మార్జిన్‌లో ఎర్ర చుక్క రాదు. కాసేపటికి చుక్కలు ఒకటి చెప్తాయి, జీడీబీ ఇంకోచోట ఆగుతుంది, ఏది ఎక్కడ పెట్టామో మనకే అయోమయం. ప్రతి కమాండ్ ముందు ఆ మాట కొట్టడం కూడా విసుగే.

దానికంటే పెద్ద సమస్య, ప్రోగ్రామ్ పడిపోయేది మీ ల్యాప్‌టాప్ మీద కాకపోవడం. రిమోట్ ఎస్ఎస్‌హెచ్‌తో (ఎస్ఎస్‌హెచ్ అంటే దూరంలోని మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) విఎస్ కోడ్ సర్వర్‌కి కనెక్ట్ అవ్వాలంటే, తన సర్వర్ భాగాన్ని ఆ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటుంది, దానికిప్పుడు ఆ మెషీన్‌లోని సీ లైబ్రరీ, అంటే జీలిబ్‌సీ, 2.28 అయినా ఉండాలి. సెంటోస్ 7 అనే పాత లినక్స్‌లో ఉన్నది 2.17. అలాంటి పాత మెషీన్లు కస్టమర్ల దగ్గర ఇంకా నడుస్తూనే ఉన్నాయి. జీలిబ్‌సీ సరిపోయినా, ప్రొడక్షన్ మెషీన్‌లో కొత్తగా ఏదైనా ఇన్‌స్టాల్ చేయడానికి ఎవరు ఒప్పుకుంటారు? రాత్రి పదకొండుకి కాల్ వచ్చి, రెండు మెషీన్లు దాటి ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ అయ్యి, ఒక కోర్ ఫైల్ (ప్రోగ్రామ్ పడిపోయినప్పటి మెమరీ కాపీ) ముందు కూర్చున్నప్పుడు అక్కడ మీకు ఉండేది టెర్మినల్, జీడీబీ. అంతకుముందు ఆరు నెలలు బటన్లు మాత్రమే నొక్కి ఉంటే ఆ రాత్రి టెన్షన్ మామూలుగా ఉండదు.

థ్రెడ్‌ల విషయంలో కూడా నేను టెక్స్ట్ వైపే. నలభై థ్రెడ్‌లున్న ప్రాసెస్ బిగుసుకుపోతే విఎస్ కోడ్‌లో ఒక్కో థ్రెడ్ విప్పి చూడటం కంటే, థ్రెడ్ అప్లై ఆల్ బీటీ అని కొట్టి (అన్ని థ్రెడ్‌ల బ్యాక్‌ట్రేస్‌లూ ఒకేసారి వస్తాయి), లాగింగ్ ఆన్ చేసి ఫైల్‌లోకి తీసుకుంటే, ఎవరు ఏ లాక్ కోసం ఆగారో గ్రెప్‌తో వెతుక్కోవచ్చు. ఆ ఫైల్‌నే బగ్ టికెట్‌లో పెట్టొచ్చు, స్క్రీన్‌షాట్ పెడితే అందులో వెతకలేం కదా.

డీడీడీ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ టెక్నికల్ యూనివర్సిటీలో 1990లలో పుట్టింది. లింక్డ్ లిస్ట్‌నో ట్రీనో డిస్‌ప్లే చేసి, పాయింటర్ మీద డబుల్ క్లిక్ చేస్తూ పోతే ఒక్కో నోడ్ పెట్టెలా తెరుచుకుంటూ, మధ్యలో బాణాలతో, బోర్డు మీద మేష్టారు గీసిన బొమ్మలా కనిపిస్తుంది. డబుల్ లింక్డ్ లిస్ట్‌లో వెనక పాయింటర్ తప్పు నోడ్‌కి వెళ్తుంటే ఆ బాణం చూడగానే తెలిసిపోతుంది, అదే ప్రింట్ చేస్తే హెక్స్ అంకెలు పక్కపక్కన పెట్టుకుని పోల్చుకోవాలి. కింద ఉన్నది అచ్చమైన జీడీబీ ప్రాంప్ట్, అక్కడ కొట్టిన బ్రేక్‌పాయింట్ పైన స్టాప్ గుర్తుగా కనిపిస్తుంది, పైన బటన్ నొక్కితే దాని కమాండ్ కింద కనిపిస్తుంది. నా ప్రశ్న రెండు సగాలూ ఇది పాసవుతుంది. అలా చూస్తూ చూస్తూ కమాండ్‌లు వాటంతటవే నోటికి వచ్చేస్తాయి. మరి రోజూ ఎందుకు వాడను? మోటిఫ్ అనే పాత టూల్‌కిట్ రూపం, ఇప్పటి స్క్రీన్ల మీద చీమల్లాంటి అక్షరాలు, ఎస్ఎస్‌హెచ్ మీద ఎక్స్ ఫార్వర్డింగ్‌తో, అంటే సర్వర్‌లోని విండోని మన స్క్రీన్ మీదికి తెప్పించుకుని, తెరిస్తే ప్రతి క్లిక్‌కీ ఎదురుచూపు. చాలా ఏళ్ల తర్వాత 2023లో 3.4 వెర్షన్ వచ్చింది, సంతోషమే. డేటా స్ట్రక్చర్స్ నేర్చుకుంటున్న పిల్లలకి మాత్రం నేను ఇప్పటికీ మొదట ఇదే చూపిస్తాను.

టీయూఐ. నేను రోజూ వాడేది ఇదే, కొత్తవాళ్లకి చెప్పేదీ ఇదే. విడిగా ఇన్‌స్టాల్ చేసేది ఏమీ లేదు, జీడీబీలోనే ఉంది. మామూలు ప్రాంప్ట్‌లో ఉండగా కంట్రోల్ ఎక్స్ నొక్కి తర్వాత ఎ నొక్కండి, పైన సగం స్క్రీన్ సోర్స్ కోడ్, ఉన్న లైను హైలైట్ అయి, కింద ప్రాంప్ట్ యథాతథంగా ఉంటుంది. మళ్లీ అదే నొక్కితే మాయం. బ్రేక్‌పాయింట్ కమాండ్‌తో పెడితే పైన ఆ లైను పక్కన గుర్తు పడుతుంది, అప్ అని కొడితే సోర్స్ కూడా పై ఫ్రేమ్‌కి జరుగుతుంది. లేఅవుట్ స్ప్లిట్ అంటే సోర్స్, అసెంబ్లీ రెండూ, లేఅవుట్ రెగ్స్ అంటే రిజిస్టర్లు. ఎంత పాత మెషీన్ అయినా, ఎన్ని ఎస్ఎస్‌హెచ్‌ల అవతల ఉన్నా ఇలాగే పనిచేస్తుంది. ఒకసారి వేళ్లకి అలవాటైతే ఆఫీసులో ల్యాప్‌టాప్ మీదా, కస్టమర్ సర్వర్ మీదా అదే చేత్తో అదే పని.

చిరాకులు లేవని అనను. ప్రోగ్రామ్ ఏదైనా ప్రింట్ చేస్తే స్క్రీన్ అంతా చిందరవందర అవుతుంది, కంట్రోల్ ఎల్ నొక్కితే మళ్లీ సర్దుకుంటుంది. ఎక్కువ ప్రింట్ చేసే ప్రోగ్రామ్ అయితే ఇంకో టెర్మినల్ తెరిచి, టీటీవై కమాండ్‌తో అవుట్‌పుట్‌ని అటు పంపించేయండి, సమస్యే ఉండదు. పై బాణం నొక్కితే పాత కమాండ్ రాకుండా సోర్స్ జరుగుతుంది, కొత్తవాళ్లంతా మొదటి రోజు దీని దగ్గరే వదిలేస్తారు. కంట్రోల్ పి వాడండి, లేదా ఫోకస్ సీఎండీ అని కొడితే బాణాలు మళ్లీ కమాండ్‌లకే పనిచేస్తాయి. లోకల్స్ ఎప్పుడూ కనిపించే విండో లేదు, ఇది నిజంగా లోటే, డిస్‌ప్లే కమాండ్‌తో కావాల్సిన రెండు మూడు విలువలు పెట్టుకుని నెట్టుకొస్తాను. కర్సెస్ లైబ్రరీ లేకుండా బిల్డ్ చేసిన జీడీబీలో టీయూఐ ఉండదు, ఎంబెడెడ్ బోర్డుల మీద పనిచేసేవాళ్లు ముందే చూసుకోండి.

మిగతావి క్లుప్తంగా. ఈమాక్స్ ఎడిటర్‌లోనే బతికేవాళ్లకి అందులోని జీడీబీ మోడ్, మెనీ విండోస్ పెట్టుకుంటే, చాలా బాగుంటుంది, దీనికోసం ఈమాక్స్ నేర్చుకోమని చెప్పను. సీజీడీబీ టీయూఐకి అన్న లాంటిది, విమ్ కీలతో, విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. జీడీబీజీయూఐ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఒకసారి చూడండి. సీలయన్ ఐడీఈ ఇప్పటికే వాడుతుంటే అందులోని డీబగ్గర్ బాగానే ఉంది, అందులో జీడీబీ కన్సోల్ ట్యాబ్ కూడా ఉంది. 2023 చివర్లో వచ్చిన జీడీబీ 14 నుంచి, ఎడిటర్లు డీబగ్గర్లతో మాట్లాడే డీఏపీ ప్రోటోకాల్ జీడీబీకే నేరుగా వచ్చింది కాబట్టి నియోవిమ్ లాంటి ఎడిటర్లకి దారి సులువైంది.

మా బాబాయి కొడుకు పని ఆర్మ్ బోర్డు మీద. బోర్డులో జీడీబీసర్వర్, ల్యాప్‌టాప్‌లో జీడీబీ, మధ్యలో నెట్‌వర్క్ కేబుల్. వాడికి విఎస్ కోడే పెట్టుకోమన్నాను, ఎందుకంటే బోర్డు వాడి టేబుల్ మీదే ఉంది, బోర్డులో విఎస్ కోడ్ సర్వర్ అక్కర్లేదు, లాంచ్ డాట్ జేసన్‌లో బోర్డు అడ్రస్ ఇస్తే చాలు. కానీ ఫీల్డ్ నుంచి వచ్చే కోర్ ఫైళ్లన్నీ టీయూఐలోనే తెరవమని మాట తీసుకున్నాను. ఫోన్ పెట్టేసే ముందు హోమ్ డైరెక్టరీలో డాట్ జీడీబీఇనిట్ ఫైల్ ఒకటి పెట్టించి అందులో మూడు లైన్లు రాయించాను: సెట్ హిస్టరీ సేవ్ ఆన్, సెట్ ప్రింట్ ప్రెట్టీ ఆన్, సెట్ పేజినేషన్ ఆఫ్. మొదటిదాంతో నిన్న కొట్టిన కమాండ్‌లు ఇవాళ కూడా దొరుకుతాయి, రెండోదాంతో స్ట్రక్చర్లు లైన్ల వారీగా విడివిడిగా కనిపిస్తాయి, మూడోది పెద్ద బ్యాక్‌ట్రేస్ మధ్యలో ఆగి ఎంటర్ నొక్కమని అడక్కుండా చూస్తుంది. మీరు ఏ జీయూఐ ఎంచుకున్నా ఈ మూడూ పెట్టుకోండి.