నయీంనగర్ నెట్ సెంటర్: పని పక్కా, ప్రింట్ల రేటే ఘోరం

మా తమ్ముడు డిగ్రీ ఫస్టియర్. ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్)లో స్కాలర్‌షిప్ దరఖాస్తు చివరి తేదీకి రెండే రోజులు ఉందనగా హనుమకొండ నయీంనగర్‌లో ఓ చిన్న నెట్ సెంటర్‌కి పరుగెత్తాం, తప్పు మాదేలెండి, ఎలాగూ గడువు పొడిగిస్తారని కూర్చున్నాం. ఆ అన్న ఫారం తెరవకముందే కాగితాలన్నీ బల్ల మీద పరిపించాడు, టెన్త్ మెమో, ఆధార్, కులం, ఆదాయం, బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. మేం ఇంట్లో పదిసార్లు చూసినా కనిపించని ఆ తేడా ఆయనకి ఒక్క చూపులో దొరికింది. "ముందు ఆధార్ సరిచేయించుకుని రా తమ్మీ, ఇప్పుడు కొడితే తర్వాత నువ్వే తిరుగుతావ్" అన్నాడు. డబ్బులొచ్చే పని వదులుకుని అలా చెప్పేవాళ్లు ఎంతమంది?

ఆధార్ సరయ్యాక మళ్లీ వెళ్తే సర్వర్ నత్తనడక, రెండు గంటలు ఒకటే టెన్షన్. సబ్మిట్ కొట్టగానే అయిపోలేదని, ప్రింటుకి జిరాక్సులు జతచేసి కాలేజీలో ఇవ్వాలని, మీసేవలో వేలిముద్ర కూడా వేయాలని ఆయనే గుర్తుచేశాడు. మీసేవలో బొటనవేలు మూడుసార్లు పడలేదు, తలకి రుద్దుకుని పెడితే పడింది!

నచ్చనిది ఒక్కటే, పేజీకి పది రూపాయలు. రద్దీ చూసి పెంచినట్టున్నారు. జిరాక్సులు బయటే తీయించుకుని వెళ్లండి.