పీటల మీదికి చేరని పెళ్లి, ఎనిమిది సాహసాలు: బుల్‌డాగ్ డ్రమ్మండ్ డీవీడీ సెట్

పారమౌంట్ సంస్థ 1937 నుంచి 1939 వరకు తీసిన ఎనిమిది బుల్‌డాగ్ డ్రమ్మండ్ చిత్రాలను నాలుగు డిస్కుల్లో అమ్ముతున్నారని తెలిసి, గత నెలలో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. హన్మకొండలోని మా ఇంట్లో రోజుకు ఒకటి చొప్పున, విడుదలైన వరుసలోనే ఎనిమిది రాత్రుల్లో చూడడం పూర్తిచేశాను. కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన మా బాపు కూడా ప్రతి రాత్రీ నాతో కూర్చున్నారు. సినిమాలు తప్పకుండా చూడదగ్గవి. ఈ డిస్కుల తయారీ మాత్రం వాటికి తగినట్టు లేదు.

డ్రమ్మండ్ జీతం తీసుకునే డిటెక్టివ్ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చి, ఊరికే కూర్చోలేక సాహసాలు వెతుక్కునే ఇంగ్లిష్ కెప్టెన్. 'సాపర్' అనే కలంపేరుతో రాసిన మెక్‌నీల్ 1920లో ఈ పాత్రను నవలగా పరిచయం చేశారు. 1929లో రోనాల్డ్ కోల్మన్ ఈ వేషం వేసి పేరు తెచ్చుకున్నారు. పారమౌంట్ సిరీస్‌లో మొదటి చిత్రంలో రే మిలాండ్, మిగతా ఏడింటిలో జాన్ హోవర్డ్ డ్రమ్మండ్‌గా కనిపిస్తారు. హోవర్డ్ అదే 1937లో మరో పెద్ద చిత్రంలో కోల్మన్‌కు తమ్ముడిగా నటించారు. అన్న వేసి వదిలిన వేషం తమ్ముడికి వచ్చినట్టయింది.

ఇవి తక్కువ ఖర్చుతో తీసిన చిత్రాలని దాచిపెట్టనవసరం లేదు. అప్పట్లో అమెరికా థియేటర్లలో ఒకే టికెట్ మీద రెండు సినిమాలు ఆడేవి. పెద్ద సినిమాకు వసూళ్లలో వాటా తీసుకునే సంస్థలు, దానికి తోడుగా వేసే చిన్న సినిమాను ఇంత అని ముందే నిర్ణయించిన అద్దెకు ఇచ్చేవి. ఎంత బాగా ఆడినా రాబడి పెరగదు కనుక ఖర్చును ముందే బిగించి పట్టుకోవాలి. అందుకే వీటిలో ఏదీ 70 నిమిషాలు దాటదు, ఒక్క సన్నివేశం కూడా అవసరానికి మించి నిలవదు. విశ్రాంతి ముందు ఒక కథ, తర్వాత ఒక కథ అన్నట్టు సాగే రెండున్నర గంటల సినిమాలకు అలవాటుపడిన నాకు ఈ పొదుపు ఎంతో హాయినిచ్చింది.

అయితే నేరం ఎవరు చేశారో కనిపెట్టే ఆనందం కోసం ఈ సెట్ కొంటే నిరాశ తప్పదు. విలన్ ఎవరో చాలాసార్లు మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. నన్ను ఎనిమిది రాత్రులూ కూర్చోబెట్టింది ఆ ఇల్లు, ఆ ఇంటి మనుషులు. డ్రమ్మండ్, అతను పెళ్లాడవలసిన ఫిల్లిస్, అమాయక స్నేహితుడు ఆల్జీ, ఏ ఆపదలోనూ మర్యాద తప్పని పనివాడు టెన్నీ, విసుక్కుంటూనే వెంటవచ్చే స్కాట్లండ్ యార్డ్ కర్నల్ నీల్సన్, వీళ్లను మళ్లీ చూడడం కోసమే తరువాతి డిస్కు పెట్టాలనిపిస్తుంది. మొదటి చిత్రం తర్వాత ప్రతిసారీ పెళ్లికి అంతా సిద్ధమవుతుంది, ఏదో ఒక నేరం అడ్డుపడుతుంది. నాలుగో రాత్రి స్విట్జర్లాండ్‌లో పెళ్లి కానుకగా వచ్చిన కృత్రిమ వజ్రం మాయమైనప్పుడు బాపు నావైపు తిరిగి, "గీసారి గూడ లగ్గం గాదా?" అని నిజమైన బాధతో అడిగారు. కథ ఆఫ్రికాకు వెళ్లే ఐదో చిత్రం మొదట్లో, పెళ్లి అయ్యేదాకా డ్రమ్మండ్ ఇల్లు కదలకూడదని ఫిల్లిస్ అతని ప్యాంట్లన్నీ దాచిపెట్టే ఘట్టాన్ని ఆయన రెండోసారి వేయించుకుని చూశారు.

మూడో చిత్రం 'రివెంజ్'లో (పేర్లన్నిటిలో ఉండే 'బుల్‌డాగ్ డ్రమ్మండ్' అనే మాటలు వదిలేసి రాస్తున్నాను) కథ చాలాభాగం రైలులో నడుస్తుంది. కాస్త కుదుపు తగిలినా పేలిపోయే పదార్థం ఉన్న సూట్‌కేసు ఆ రైల్లోనే ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా ఇంజన్ల మధ్య గడిపిన బాపు ఆ సూట్‌కేసు కదిలిన ప్రతిసారీ కుర్చీ చేతిని పట్టుకోవడం నేను గమనించాను. చవక సెట్టింగుల మధ్య అంత ఉత్కంఠ పుట్టించిన దర్శకుడు లూయీ కింగ్‌ను మెచ్చుకోవాలి.

రెండు, మూడు, నాలుగు చిత్రాల్లో నీల్సన్‌గా నటించిన జాన్ బారీమోర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అంతకు కొన్నేళ్ల ముందు హాలీవుడ్‌లో అగ్రతారగా వెలిగిన ఈ నటుడు, సంభాషణలు గుర్తుండక బోర్డుల మీద రాసి పెట్టించుకునే దశకు అప్పటికే చేరుకున్నారు. అయినా 'కమ్స్ బ్యాక్'లో మారువేషాలు మారుస్తూ డ్రమ్మండ్‌ను వెంబడిస్తున్నప్పుడు ఆయన కళ్లలో ఆట ఇంకా మిగిలే ఉంది. ఎనిమిదింటిలోనూ ఆల్జీగా కనిపించే రెజినాల్డ్ డెన్నీ, నిజ జీవితంలో రేడియోతో నడిచే పైలట్ లేని విమానాలు తయారుచేసి అమెరికా సైన్యానికి అమ్మిన సంస్థను స్థాపించిన మనిషి. ఇది తెలిశాక తెరమీద ఆ తెలివితక్కువతనం వెనుక ఎంత నేర్పు ఉందో అర్థమైంది.

ఆఫ్రికా చిత్రంలో మొరాకో జనాన్ని కేవలం నేపథ్యపు బొమ్మల్లా నిలబెట్టిన తీరు నాకు నచ్చలేదు. కాలం అలాంటిదని చెప్పి దాన్ని సమర్థించలేను.

ఇక డిస్కుల సంగతి. ఈ సిరీస్‌లోని పలు చిత్రాలకు అమెరికాలో కాపీరైట్ రక్షణ లేకపోవడంతో, దొరికిన ప్రింట్‌తోనే కాపీలు తీసి అమ్మేస్తుంటారు. ఈ సెట్ కూడా ఆ కోవలోదే అనిపించింది. రాత్రి సన్నివేశాల్లో ముఖాలు నల్లని మచ్చల్లా కలిసిపోయాయి, మాటల వెనుక ఎప్పుడూ గరగరమనే చప్పుడు ఉంది, సబ్‌టైటిల్స్ అసలే లేవు. ఇంగ్లిష్ వేగంగా అర్థంకాని పెద్దవాళ్లకు పక్కన ఎవరో ఒకరు కథ చెబుతూ ఉండాలి. నేను అలాగే చెప్పాను.

అన్నిటికంటే పెద్ద లోపం వరుస. సినిమాలను విడుదల క్రమంలో కాకుండా ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేర్చారు. దానివల్ల చివరికి పెళ్లి జరిగే 'బ్రైడ్' మూడో డిస్కులోకి వచ్చింది. పెళ్లికి ముందురోజు డ్రమ్మండ్‌కు వచ్చే కలలో పాత చిత్రాల ముక్కలనే అతికించి చూపించే 'సీక్రెట్ పోలీస్' దాని తరువాత నాలుగో డిస్కులో ఉంది. పెట్టెలో ఉన్నట్టే చూస్తే ఆ కలకూ, ఆ పెళ్లికీ అర్థమే ఉండదు. నేను చీటీ రాసి పెట్టె మూతకు లోపలివైపు అతికించాను: డిస్కులు రెండు, ఒకటి, నాలుగు, మూడు, మళ్లీ రెండు, ఒకటి, నాలుగు, మూడు. మొదటి విడతలో 'ఎస్కేప్స్', 'కమ్స్ బ్యాక్', 'రివెంజ్', 'పెరిల్'. రెండో విడతలో ఆఫ్రికా చిత్రం, 'అరెస్ట్', 'సీక్రెట్ పోలీస్', 'బ్రైడ్'.