దొంగ సైట్‌కి పాస్‌వర్డ్ ఇవ్వని యాప్: బిట్‌వార్డెన్

మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. "మీ సెల్లర్ ఖాతా 24 గంటల్లో ఆపేస్తాం, వెంటనే లాగిన్ అవ్వండి" అనే మెయిళ్లకు నాకు కొదవ లేదు. లోగో అచ్చుగుద్దినట్టు ఉంటుంది. భాషలో తప్పులు చూసి పట్టేద్దామంటే ఇప్పుడు అవీ ఉండటం లేదు.

మొన్నటి మెయిల్‌లో లింక్ చూడటానికి కంపెనీ పేరే. కాకపోతే చిన్న 'ఎల్' ఉండాల్సిన చోట 1 అంకె. నా కళ్లజోడుకు అది ఆనలేదు. పాస్‌వర్డులు దాచిపెట్టి, ఆయా సైట్లలో నింపిపెట్టే యాప్ బిట్‌వార్డెన్ ఏం చేస్తుందో చూపిస్తానని మా తమ్ముడు నా ల్యాప్‌టాప్‌లోనే ఆ పేజీ తెరిచాడు (వాడిది ఇలాంటివి చూసే ఉద్యోగమే, మీరు ఆ సాహసం చేయకండి). అసలు సైట్‌లో అయితే బ్రౌజర్ పైన దీని గుర్తు మీద 1 అని కనిపిస్తుంది, అంటే ఆ సైట్‌కి దాచిన లాగిన్ ఒకటి ఉందని. ఇక్కడ ఏమీ లేదు. ఇది లోగో చూడదు, దాచిన అడ్రస్‌తో పోల్చుకుంటుంది, అంతే.

ఉచిత ప్లాన్ చాలు, ఎన్ని పాస్‌వర్డులైనా, ఎన్ని ఫోన్లలోనైనా పెట్టుకోవచ్చు. మాస్టర్ పాస్‌వర్డ్ (ఈ యాప్‌నే తెరిచే పాస్‌వర్డ్) మర్చిపోతే మాత్రం కంపెనీ కూడా తీసివ్వలేదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.

మనమే కాపీ చేసి దొంగ పేజీలో అతికించినా, ఫోన్‌లో ఓటీపీ చెప్పేసినా ఇది ఆపలేదు. అందుకే 5కి 4 స్టార్లు.