శాలువాలు పోగా మిగిలే ముప్పావుగంట: గ్రంథాలయంలో ఆదివారం ప్రసంగాలు ఎలా ఉన్నాయి?

విశాఖలో ఆదివారం సాయంత్రం ఏం చేద్దాం అంటే జవాబు బీచ్ రోడ్డే. ఆ రద్దీ వద్దనుకుని, గంటన్నర కూర్చుంటే పనికొచ్చే ముక్క ఒకటి చేతికి రావాలనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. నగరంలోని ఒక గ్రంథాలయం మేడ మీది హాల్లో ప్రతి ఆదివారం పెద్దవాళ్ల కోసం ఉచిత ప్రసంగాలు పెడుతున్నారు. చట్టం, డబ్బు, ఆరోగ్యం, స్థానిక చరిత్ర, తుపాను జాగ్రత్తలు ఇలా వారానికొక విషయం. టికెట్టు లేదు, సభ్యత్వం అడగరు, ముందుగా పేరు ఇవ్వక్కర్లేదు. లోపాలూ రాయాలి కాబట్టి గ్రంథాలయం పేరు పక్కన పెడుతున్నాం. ఇలాంటి సభ ఎక్కడ జరిగినా ఈ వివరాలు అక్కరకొస్తాయి.

ముందు టైము సంగతి. నోటీసులో 5:30 అని ఉంటుంది. 5:35కి మైకు "హలో, చెక్" అంటుంది. జ్యోతి వెలిగించడం, ప్రార్థన, వేదిక మీది పెద్దల పరిచయం, పూలగుత్తులు అయ్యేసరికి ఆరు దాటుతుంది. వక్త నోరు విప్పేది 6:05కి. ఏడుకల్లా హాలు ఖాళీ చేయాలి, చివర్లో శాలువాకీ జ్ఞాపికకీ వందన సమర్పణకీ పది నిమిషాలు పోతాయి. అంటే తొంభై నిమిషాల సభలో ప్రశ్నలతో కలిపి విషయానికి దక్కేది నలభై ఐదు. నోటీసులో వక్త పేరొక్కటే ఉంటే టైముకి వెళ్లండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి అని మూడు వరసలు కనిపిస్తే ఆరింటికి వెళ్లినా ఏమీ పోదు.

ఈ వరసలో అన్నిటికన్నా బాగున్నది వీలునామా వారం. పోర్టు, స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డుల్లో రిటైరైనవాళ్లతో కుర్చీలు నిండిపోతాయి, కాబట్టి ఆ వారం మాత్రం పావుగంట ముందుండాలి. ఇక్కడ మంచి పని ఏమిటంటే, ఉపన్యాసం మొదలవకముందే రెండు పేజీల నమూనా వీలునామా, పెన్సిలూ చేతికిస్తారు. వక్త ఒక్కో పేరా చెబుతుంటే పక్కనే నింపుకుంటూ పోవాలి. చాలామందికి ఉన్న రెండు అపోహలు మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతాయి. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాకపోతే చేయిస్తే రేపు ఎవరైనా "ఇది దొంగ సంతకం" అన్నప్పుడు ఆ మాట అంత సులువుగా నిలబడదు.

అసలు దెబ్బ తినేది సాక్షుల దగ్గర. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులుండాలి. రాసినాయన సంతకం చేస్తుంటే వాళ్లు చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన వాళ్లతో చెప్పాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే వాళ్లు సంతకం పెట్టాలి. ఇద్దరూ ఒకేసారి ఉండాలని లేదు. మనవాళ్లు చేసేదేమిటంటే, సంతకమైపోయిన కాగితాన్ని మనవడి చేత పక్కింటికి పంపి "బాబాయ్ గారిని ఇక్కడ ఒక్క సంతకం పెట్టమను" అంటారు. అక్కడే వీలునామా పనికిరాకుండా పోతుంది. ఇంకో పొరపాటు, డెబ్బై ఏళ్లాయన తనకంటే పెద్దవాళ్లని సాక్షులుగా పెట్టుకోవడం. రేపు కోర్టులో రుజువు చేయాలంటే కనీసం ఒక సాక్షైనా వచ్చి చెప్పాలి, అందుకని వయసులో చిన్నవాళ్లే నయం. ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం చేస్తే హిందువుల వీలునామా దానంతట అదే చెల్లకుండా పోదు, కానీ అనుమానానికి తలుపు తీసినట్టే. ఈ తేడా వక్త ఒక్క ముక్కలో దాటేశారు, ఇంకాస్త నిలబడి చెప్పాల్సింది. ఆస్తి వివరాల దగ్గర ఇచ్చిన సలహా మాత్రం బంగారం. డోర్ నంబరొక్కటే రాస్తే చాలదు, అవి మారుతుంటాయి. సర్వే నంబరు, నాలుగు హద్దులు, కొన్న దస్తావేజు నంబరు, సంవత్సరం రాయాలి. ప్రతి పేజీ కిందా సంతకం ఉండాలి.

అదే వారం ఇచ్చిన కాగితంలో నామినీల పేరా మాత్రం పాతబడిపోయింది. బ్యాంకు ఖాతాకి ఒక్కరినే నామినీగా పెట్టాలని ఉంది. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా పెట్టుకోవచ్చు. నామినీ అంటే సొమ్ముకి వారసుడు కాదు, వారసుల తరఫున అందుకునేవాడు మాత్రమే అన్నది సరిగ్గానే చెప్పారు. షేర్ల విషయంలోనూ ఇంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే జీవిత బీమాలో ఒక మినహాయింపు ఉంది: 2015 సవరణ తర్వాత భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే ఆ సొమ్ము మామూలుగా వాళ్లదే. ఇది కాగితంలోనూ లేదు, మాటల్లోనూ రాలేదు. ఇళ్లల్లో గొడవలు వచ్చేది సరిగ్గా ఈ మూడు రకాల డబ్బు దగ్గరే కాబట్టి దీన్ని చిన్న లోపం అనలేం. నిర్వాహకులు ఆ కాగితం మీద తేదీ వేసి, ఏడాదికోసారి సరిచూస్తే సరిపోతుంది.

సైబర్ మోసాల వారం రెండో స్థానం. యూపీఐ పిన్ కొట్టాల్సింది మన దగ్గర నుంచి డబ్బు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఎప్పుడూ అక్కర్లేదని తెర మీద ఫోను పెట్టి చూపించారు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే "డిజిటల్ అరెస్టు" అనేది ఏ చట్టంలోనూ లేదని మూడుసార్లు చెప్పారు, మూడూ అవసరమే. డబ్బు పోతే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను, తర్వాతే బంధువులకి. ఎందుకంటే ఆ సొమ్ము ఖాతా నుంచి ఖాతాకి దూకుతూ పోతుంది, ఎక్కడైనా కాస్త ఆగినప్పుడే దాన్ని అక్కడ కట్టేయగలరు. ఫోను చేసేముందు చేతిలో ఉండాల్సినవి: ఎంత పోయింది, ఏ టైముకి, ఏ బ్యాంకు, యూపీఐ అయితే ఆ పన్నెండంకెల లావాదేవీ నంబరు. ఆ మెసేజీలు భయంతో చెరిపేయకూడదు. ఇదంతా ఒక చిన్న కార్డు మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఇచ్చారు, ఫ్రిజ్ తలుపుకి అంటించుకోవచ్చు.

చరిత్ర వారాల్లో తొట్లకొండ, బావికొండ బౌద్ధ ఆరామాల మీద చెప్పింది వినదగ్గది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే తొట్లకొండకి ఆ పేరు వచ్చిందనీ, వాన నీటిని అక్కడి భిక్షువులు ఎలా నిలవ చేసుకున్నారనీ పటం గీసి చెప్పారు. అదే చెయ్యి పోర్టు గురించి చెప్పినప్పుడు ఆడలేదు. 1933లో రేవు మొదలైందన్న మాట చుట్టూ పొగడ్తలే తిరిగాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ ఆ రేవుకి గాలీ కెరటాల నుంచి ఎలా అడ్డుగా నిలిచిందో కూడా చెప్పలేదు. మధుమేహం వారం పరవాలేదు, రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చూపే పరీక్ష (HbA1c) 6.5 శాతానికి చేరితే మధుమేహమనే లెక్క, అంతవరకు చెప్పి ఆహారం పట్టికలోకి వెళ్లిపోయారు. హుద్‌హుద్ దెబ్బ 2014 అక్టోబరు 12న తిన్న ఊరికి తుపాను వారం ఒక్కటే ఉండటం తక్కువే.

హాలు గురించి రెండు ముక్కలు. ఫ్యాన్లు ఐదో నంబరు మీద తిరిగితే వెనక నాలుగు వరసలకి మాట వినపడదు, ఆపితే ఉక్క. మైకు పట్టుకుని వక్త స్పీకరు పెట్టె ముందుకి వచ్చినప్పుడల్లా కీచుమంటుంది. పెట్టెని వక్తకి ముందుకి, జనం వైపు తిప్పి పెడితే పోయే జబ్బు ఇది, ఇంకా పోలేదు. పడమటి కిటికీకి పరదా లేక ఆరున్నర దాకా తెర మీద అక్షరాలు వెలిసిపోతాయి. మూడో వరస, కుడి పక్క కూర్చుంటే ఈ మూడు బాధలూ తగ్గుతాయి. లిఫ్టు లేదు, మెట్లు నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది చూసుకుని బయల్దేరండి.

ప్రశ్నల వేళ అసలు పరీక్ష. మైకు చేతికందగానే సొంత ఉపన్యాసం మొదలుపెట్టేవాళ్లు ఇద్దరు తప్పనిసరి. "మా అన్నయ్య 1987లో..." అని ఎత్తుకుంటే ఇక ఆపేవాళ్లు లేరు. చీటీల మీద రాసి ఇచ్చే పద్ధతి పెట్టిన వారాల్లో పదిహేను నిమిషాల్లో ఎనిమిది, తొమ్మిది ప్రశ్నలు తేలాయి. మైకు తిప్పిన వారాల్లో మూడు. మీరు రాసేటప్పుడు పరిస్థితి ఒక వాక్యం, చేతిలో ఉన్న కాగితం ఏమిటో ఒక వాక్యం, సందేహం ఒక వాక్యం, అంతే రాయండి. అలాంటి చీటీనే వక్త ముందు ఎత్తుతారు.

వేదిక పక్కన బల్ల మీద ఆ వారం విషయానికి సంబంధించిన పుస్తకాలు పెడతారు. సభ్యులైతే అక్కడికక్కడే తీసుకెళ్లొచ్చు. ఐదారే ఉంటాయి, రెండు నిమిషాల్లో ఖాళీ. అప్పుడు వెనక్కి తిరక్కుండా కింది అంతస్తులో చట్టానికి 340, వైద్యానికి 610 నంబర్ల అరలు చూడండి, బల్ల మీదికి రానివి అక్కడ దొరుకుతాయి. అన్నట్టు ఉచితం అనుకుంటూ మొహమాటపడక్కర్లేదు. మన ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతూనే ఉన్నాం.

ఐదుకి మూడున్నర. వీలునామా, సైబర్ వారాలకైతే నాలుగున్నర. వచ్చే నెల పట్టిక నోటీసు బోర్డు మీద 25వ తేదీకల్లా పెడతారు, ఫోటో తీసి పెట్టుకోండి, మధ్యలో వారాలు అటూ ఇటూ అవుతుంటాయి.